ప్రైజ్ మనీ సగానికి కోశారా? ముందు ఎంట్రీ ఫారం చూడండి

బ్రదర్, మీ నార్త్ కరోలినా మట్టి ట్రాక్‌లో జరిగిన కార్ల రేసుకు మొదటి బహుమతి 600 డాలర్లని పోస్టర్ వేసి, 14 కార్లే వచ్చాయని 300 చేతిలో పెట్టారన్నారు. చదివి చాలా బాధేసింది. గొడవకు దిగేముందు ఎంట్రీ ఫారం మొత్తం చదవండి. ఇన్ని కార్లు రాకపోతే ప్రైజ్ తగ్గిస్తామనే షరతు కొన్ని ట్రాకులు పెడతాయి. అది ఉంటే ఈసారికి వదిలేయాల్సిందే. లేకపోతే పోస్టర్ ఫోటో చూపించి మిగతా 300 అడగండి.

మీ లెక్క ప్రకారమే పిట్ పాస్, అంటే రేసు కార్లను సిద్ధం చేసే చోటికి డ్రైవర్, అతని మనుషులు వెళ్లే టికెట్, ఒక్కొక్కరికి 40 డాలర్లు, కారుకు నలుగురు. 14 కార్లకు ట్రాక్ వాళ్లకు 2,240 వచ్చింది, ప్రేక్షకుల గ్యాలరీ టికెట్లు కాకుండా. ఇన్సూరెన్స్, అంబులెన్స్ ఖర్చులు వాళ్లకూ ఉంటాయి, కాదనను.

నన్ను ఎక్కువ బాధపెట్టింది పదో స్థానంవాడికి ఇచ్చిన 20 డాలర్లు. అతని ఒక్కడి పిట్ పాస్‌కే చాలదు! 2022లో ఒహాయోలోని ఎల్డోరా స్పీడ్‌వే అనే మట్టి ట్రాక్ ఒక రేసు విజేతకు పది లక్షల డాలర్ల పైన ఇచ్చింది, కానీ అది దేశమంతా చూసే రేసు. వారం వారం జరిగే రేసులకు వెనకవాళ్లే ప్రాణం. వాళ్లు మానేస్తే కార్లు ఇంకా తగ్గుతాయి. నలుగురైదుగురు డ్రైవర్లు కలిసి వెళ్లి, బరిలో దిగిన ప్రతి కారుకూ కనీసం 40 ఇవ్వమనండి. రేసు జరిగే శనివారం రాత్రి వద్దు, ఆ హడావిడిలో ఎవరూ వినరు. మంగళవారమో బుధవారమో వెళ్లండి.