లైపోసోమల్ యాంఫోటెరిసిన్‌కి వేలు పోయాలా? మా మామయ్యకి రెండూ ఎక్కించారు

ఫంగస్ జబ్బులకి ఎక్కించే మందు యాంఫోటెరిసిన్-బి. మామూలుది చవగ్గా దొరుకుతుంటే, లైపోసోమ్‌లనే చిన్న కొవ్వు బుడగల్లో పెట్టిన లైపోసోమల్ ఎందుకు, ఆ బుడగలు నిజంగా జబ్బున్న చోటికే వెళ్తాయా అని ఒకరు అడిగారు. రెండూ ఎక్కించుకున్న మనిషి మా ఇంట్లోనే ఉన్నారు కాబట్టి చెప్తాను.

2021 జూన్‌లో, కోవిడ్ తగ్గిన రెండు వారాలకి, మా మామయ్యకి బ్లాక్ ఫంగస్ వచ్చింది. షుగర్ ఉంది, పైగా స్టెరాయిడ్లు వాడారు. బరువు 60 కిలోలు. లైపోసోమల్ కిలోకి 5 మిల్లీగ్రాముల లెక్కన రోజుకి 300 మిల్లీగ్రాములు, అంటే 50 మిల్లీగ్రాముల వయల్స్ ఆరు. అప్పట్లో ఒక్కటి దొరకడమే గగనం. నాలుగో రోజుకి స్టాక్ అయిపోయి మామూలుది ఎక్కించారు. డ్రిప్ పెట్టిన గంటకే చలి, జ్వరం. మూడు దుప్పట్లు కప్పినా మంచం ఊగిపోయింది. ఐదు రోజుల్లో క్రియాటినిన్ (కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగేది) 1.1 నుంచి 2.3కి వెళ్లింది. మళ్లీ లైపోసోమల్ దొరికాకే మెల్లగా దిగింది.

ఈ మందు ఫంగస్ కణం పొరలో ఉండే ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థాన్ని పట్టుకుని చిల్లులు పెడుతుంది. మన కణాల్లోని కొలెస్ట్రాల్ దానికి దగ్గరి చుట్టం, అందుకే కిడ్నీల మీదా పడుతుంది. లైపోసోమ్ మందుని దారిలో వదలకుండా పట్టి ఉంచుతుంది. మందు కజ్జికాయలో పూర్ణంలా లోపల ఉంటుందనుకోకండి, చక్రాల పిండిలో నువ్వుల్లా బుడగ గోడలోనే ఇరుక్కుని ఉంటుంది. బుడగ సైజు 100 నానోమీటర్ల లోపే.

ఇక టార్గెటెడ్, అంటే నేరుగా జబ్బున్న చోటికే వెళ్తుందనే మాట. నేను ఎం.ఫార్మసీ చదివేటప్పుడు అడ్రస్ చూసుకుని వెళ్లే కొరియర్‌లా ఊహించుకునేవాణ్ణి. నిజానికి చాలా బుడగల్ని లివర్‌లో, ప్లీహంలో ఉండే మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు మింగేస్తాయి. పరాన్నజీవి వల్ల వచ్చే కాలా అజార్ అనే జబ్బుకి అదే వరం, ఎందుకంటే ఆ పరాన్నజీవి కాపురం ఉండేదే ఆ కణాల్లో. బిహార్‌లో ఆ జబ్బుకి కిలోకి 10 మిల్లీగ్రాముల చొప్పున ఒక్క డోసుతో వైద్యం చేస్తున్నారు. బ్లాక్ ఫంగస్‌కి ఆ అదృష్టం లేదు. అది రక్తనాళాల్నే మూసేస్తుంది, రక్తం వెళ్లని చోటికి ఏ బుడగా వెళ్లదు. కుళ్లిన భాగం ఆపరేషన్‌లో తీయాల్సిందే. మామయ్యకి రెండుసార్లు చేశారు. కాబట్టి నా లెక్కలో ఆ వేలు కిడ్నీల్ని కాపాడుకోవడానికి పెట్టేవి. డాక్టర్ లైపోసోమలే రాస్తే, ఖర్చు చూసి మార్చమని అడగొద్దు.

ఒక జాగ్రత్త. వయల్‌ని స్టెరైల్ వాటర్‌తో కలిపి, 5% డెక్స్‌ట్రోజ్‌లో ఎక్కిస్తారు. మామూలు సెలైన్ తగిలితే పాలు విరిగినట్టు విరుగుతుంది. ఓ రాత్రి కొత్త సిస్టర్ ఎన్ఎస్ (మామూలు సెలైన్) బాటిల్ తీస్తుంటే నేనే ఆపాను. పాపం, ఏమీ అనుకోకుండా మందు డబ్బాలోని కాగితం చదివి మార్చింది.

లైపోసోమల్ వాడినా పొటాషియం పడిపోతుంది, దాన్నీ చూస్తున్నారో లేదో అడగండి. మామయ్యకి 2.8కి వచ్చింది. కొబ్బరినీళ్లతో సరిపోతుందని అత్తయ్య వాదించింది గానీ, సరిపోలేదు, డాక్టర్ సిరప్ రాశారు.