62 కిలోల మనిషికి రోజుకి 180 గ్రాముల ప్రోటీన్ కావాలా?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: వయసు 23, బరువు 62 కిలోలు, కావలిలో జిమ్‌లో చేరి నెలయింది. ట్రైనర్ రోజుకి 180 గ్రాముల ప్రోటీన్ తినమంటున్నాడు, ఇంట్లో చూస్తే అన్నం, పప్పు, పెరుగు. పౌడర్ కొనకపోతే కండ రాదేమోనని టెన్షన్.

100 గ్రాములు చాలు. లెక్క చెప్తాను గానీ, ముందు నేను చేసిన తెలివితక్కువ పని విను.

నాకు ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలున్నాయి. నాలుగేళ్ళ కిందట నెల్లూరులో జిమ్‌లో చేరినప్పుడు 66 కిలోలు ఉండేవాణ్ణి. నాకైతే ఏకంగా 200 గ్రాములన్నారు. పొద్దున్నే ఎనిమిది గుడ్లు, రెండు పూటలా చికెన్, పైన రెండు స్కూప్‌ల పౌడర్. పొట్ట వస్తుందని అన్నం సగానికి సగం తగ్గించాను. గుడ్లు ఉడకేసి ఉడకేసి విసుగొచ్చి మా అమ్మ, "ఇంతకంటే ఒక కోళ్ళఫారం పెట్టుకోరాదంట్రా" అంది. మూడు నెలలకి మిగిలింది మలబద్ధకం, ఖాళీ జేబు. బరువు పెరక్కపోగా ఒక కిలో తగ్గాను. రాత్రి కరెంటు పోతే గుంట నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆగిపోకుండా జనరేటర్ వెయ్యాలని గుంటల దగ్గరే పడుకునేవాణ్ణి, నిద్ర నాలుగు గంటలకి మించేది కాదు. దాన్ని అసలు లెక్కలోకే తీసుకోలేదు.

సిగ్గుపడాల్సిందేమిటంటే, ఈ సంగతి నా పనిలో నాకు రోజూ కనపడేదే. రొయ్యల మేత బస్తా మీద ప్రోటీన్ శాతం వేసి ఉంటుంది, మేం పెంచే వనామీ రకం రొయ్యకి మామూలుగా 35కి అటూ ఇటూ. అలాగని కుమ్మరించం కదా. మేత ఎంత తిన్నాయో చూడటానికి నీళ్ళలోకి దించే చెక్ ట్రేలో మేత మిగిలిందంటే తర్వాత పూట తగ్గిస్తాం. ఎక్కువ వేసినంత మాత్రాన రొయ్యకి కౌంట్ (కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క) రాదు, గుంట అడుగు చెడిపోయి అమ్మోనియా పెరుగుతుంది. మన ఒంట్లోనూ ఇంచుమించు ఇంతే. కండకి పట్టేది పట్టాక, మిగతా ప్రోటీన్‌లోని నత్రజని యూరియాగా మారి మూత్రంలో పోతుంది, తక్కింది ఒంటికి ఇంధనంగా ఖర్చవుతుంది. పొయ్యిలో టేకు కట్టెలు పెట్టినట్టు.

ఇక లెక్క. హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన కొలతల ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకి 0.83 గ్రాములు. బరువులెత్తేవాళ్ళకి అది చాలదు. 2018లో 49 అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశీలనలో, కిలోకి సుమారు 1.6 గ్రాములు దాటాక సగటున కండ పెరుగుదలలో తేడా కనపడలేదు. మనుషుల్లో తేడాలుంటాయి కాబట్టి కొందరు 2.2 దాకా వెళ్తారు. నీకు 1.6 చొప్పున 99 గ్రాములు. మీ ట్రైనర్ చెప్పింది కిలోకి 2.9 పడుతుంది!

ఆ వంద మన వంటింట్లోనే వస్తుంది, కాకపోతే పొద్దున పూట మారాలి. మనం దెబ్బతినేది అక్కడే. కారం దోశలు నాలుగు లాగించినా పదీ పన్నెండు గ్రాములకి మించి రావు. దానికి బదులు 60 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు, రెండు గుడ్లు అనుకో, 26 గ్రాములు వచ్చేస్తాయి. మధ్యాహ్నం అన్నం, కాస్త గట్టిగా వండిన కందిపప్పు, కప్పు పెరుగు కలిపి 25. ఉత్త చారూ అన్నం అయితే ఇందులో సగమే. సాయంత్రం గుప్పెడు శనగల గుగ్గిళ్ళు పది. ఒంగోలు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల నిండా శనగలు పెట్టుకుని మనం ప్రోటీన్ కోసం డబ్బాల వెంట పడటం చూస్తే నాకు నవ్వొస్తుంది. రాత్రికి ముల్లు తీసేసి 150 గ్రాములుండేట్టు చేప ముక్కలు, అన్నం కలిపి 34. పడుకునే ముందు గ్లాసు పాలు 8. మొత్తం 103. చేపల పులుసు మర్నాటికి మిగిలితే పొద్దున దోశల్లోకి వేసుకో, రుచికి రుచి, లెక్కకి లెక్క. శనివారం నీచు ముట్టని ఇల్లయితే ఆ రోజు 50 గ్రాముల మీల్‌మేకర్ కూర వండించుకో, అందులో పాతిక గ్రాములకి పైనే ఉంటుంది.

తూకంలో ఒక పొరపాటు అందరూ చేస్తారు, నేనూ చేశాను. 100 గ్రాముల చికెన్ అంటే 100 గ్రాముల ప్రోటీన్ కాదు. ఎముక లేని రొమ్ము ముక్క పచ్చిది 100 గ్రాములైతే 22, 23 గ్రాములు. అదే ఉడికాక తూస్తే నీళ్ళు పోయి ముక్క కుదించుకుపోతుంది కాబట్టి 100 గ్రాములకి 31 దాకా చూపిస్తుంది. పచ్చిది తూచి 31 వేసుకుంటే నిన్ను నువ్వే మోసం చేసుకున్నట్టు.

పౌడర్ విషం కాదు. ఒక స్కూప్‌లో 24 గ్రాములు, అంటే నాలుగు గుడ్ల సాటి. వండుకునే తీరిక లేని రోజు నేనూ తాగుతాను. కానీ నెలకి అన్ని వేలు పెట్టాల్సిన అవసరం నీకు కనపడటం లేదు. మీ ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకుని డాక్టరుకి చూపించు. కనిగిరి వైపు కిడ్నీ రోగుల బాధలు మనం వింటూనే ఉన్నాంగా.

నేను చివరికి చేసింది: ప్రోటీన్ 110కి దించాను, అన్నం మళ్ళీ మామూలుగా పెట్టాను, రాత్రి కాపలాకి ఒక మనిషిని పెట్టి ఏడు గంటలు నిద్రపోయాను. ఎనిమిది నెలల్లో 65 నుంచి 71కి వచ్చాను, ఎత్తే బరువులూ పెరిగాయి. నువ్వు వారానికోసారి పొద్దున్నే పరగడుపున బరువు చూసుకో. నెలకి కిలో అటూ ఇటూ పెరుగుతుంటే అలాగే వదిలెయ్. ముల్లు కదలకపోతే గుడ్లు పెంచకు, మధ్యాహ్నం ఇంకో గరిటె అన్నం పెట్టించుకో.