బిహేవియరల్ ఫైనాన్స్ ప్రొఫెసర్ కావాలంటే ఎటు వెళ్లాలి?

డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్న ఒక అమ్మాయి అడిగింది: "షేర్ల గురించి చదవడం ఇష్టం, సైకాలజీ ఇంకా ఇష్టం. బిహేవియరల్ ఫైనాన్స్‌లో పరిశోధన చేసి పాఠాలు చెప్పాలని ఉంది. పీహెచ్‌డీ సైకాలజీలో చేయాలా, ఫైనాన్స్‌లోనా? లెక్కలంటే మాత్రం కొంచెం భయం."

నీ చివరి మాటతోనే మొదలుపెడతానమ్మా, అసలు చిక్కు అక్కడే ఉంది. డబ్బు విషయంలో మనుషుల మనస్తత్వం ఎలా పనిచేస్తుందో చదివే ఈ సబ్జెక్టు పేరు వినగానే అందరూ భయం, అత్యాశ, గుంపులో పడి కొనేయడం లాంటి కబుర్లే అనుకుంటారు. తీరా చేరాక మొదటి రెండేళ్లు మైక్రో ఎకనామిక్స్, ఎకనామెట్రిక్స్ (ఆర్థిక డేటాకి వాడే గణాంకాలు)తోనే సరిపోతాయి, మనిషి ఊసే రాదు.

పని ఎలా ఉంటుందో ఒకటి చూడు. లాభంలో ఉన్న షేరును తొందరగా అమ్మేసి, నష్టంలో ఉన్నదాన్ని పట్టుకుని కూర్చోవడం అందరికీ తెలిసిన బలహీనతే. షెఫ్రిన్, స్టాట్‌మన్ అనే పరిశోధకులు 1985లో దానికి డిస్పొజిషన్ ఎఫెక్ట్ అని పేరు పెట్టారు. తర్వాత టెరెన్స్ ఓడియన్ అనే పరిశోధకుడు పదివేల ట్రేడింగ్ ఖాతాలు ముందేసుకుని, ఎవరైనా ఏదైనా అమ్మిన ప్రతి రోజూ ఆ ఖాతాలో లాభంలో ఉన్నవెన్ని, నష్టంలో ఉన్నవెన్ని, వాటిలో అమ్మినవెన్ని అని లెక్కగట్టాడు. లాభాల్లో 14.8 శాతం అమ్మితే, నష్టాల్లో 9.8 శాతమే అమ్మారు. అక్కడితో అయిపోలేదు, ఇది పన్ను కోసమా, పోర్ట్‌ఫోలియో (చేతిలో ఉన్న షేర్లన్నీ) సర్దుకోవడం కోసమా అని ఒక్కో అనుమానాన్నీ విడిగా తేల్చాల్సి వచ్చింది. ఆ పేపర్ వచ్చింది 1998లో. ఇలాంటి పని బోర్ కొట్టదు అనుకుంటేనే ఇటు రా.

ఇక సైకాలజీయా, ఫైనాన్సా? కానెమన్ సైకాలజిస్టే, అయినా 2002లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది, నిజమే. కానీ ఆయన్ని చూసి దారి ఎంచుకోకు. బిజినెస్ స్కూళ్లలో ఉద్యోగం ఇచ్చేది ఫైనాన్స్ డిపార్ట్‌మెంట్, వాళ్లు చూసేది ఫైనాన్స్ లేదా ఎకనామిక్స్ పీహెచ్‌డీ. చేరాక కూడా ముందు కార్పొరేట్ ఫైనాన్సే చెప్పమంటారు, నీకిష్టమైన కోర్సు ఎలెక్టివ్‌గా తర్వాతెప్పుడో దక్కుతుంది. ఆ క్లాసుకి సగం మంది షేర్ టిప్స్ కోసమే వస్తారు, అది వేరే సంగతి! మార్కెట్ ధరల్లో సమాచారమంతా ఉంటుందన్న ఎకనామిస్ట్ ఫామా వాదన కూడా అంతే శ్రద్ధగా చెప్పాలి. 2013 ఎకనామిక్స్ నోబెల్‌ను ఆయనా, ఆయనతో ఏకీభవించని షిల్లరూ కలిసి పంచుకున్నారు కదా (మూడో ఆయన హాన్సన్).

అప్లికేషన్ల సంగతి తర్వాత. ముందు ఈ సెలవుల్లో డేటా లెక్కలకి వాడే ప్రోగ్రామింగ్ భాష, పైథాన్ గానీ ఆర్ గానీ, కాస్త నేర్చుకో. మూడేళ్లు బాగా పడిపోయిన షేర్లు తర్వాతి మూడేళ్లలో, అంతకుముందు బాగా పెరిగినవాటిని దాటేశాయని డి బాంట్, థేలర్ 1985లో చూపించారు. ఫైనాన్స్ ప్రొఫెసర్ కెన్నెత్ ఫ్రెంచ్ వెబ్‌సైట్‌లో ఇలా తిరగబడటం మీద లాంగ్ టర్మ్ రివర్సల్ అనే డేటా ఉచితంగా దొరుకుతుంది. 1985 తర్వాత కూడా అదే జరిగిందా అని నువ్వే గ్రాఫ్ గీసి చూడు. గీశాక నాకు పంపు, ఏ ప్రోగ్రామ్‌కి అప్లై చేయాలో అప్పుడు మాట్లాడుకుందాం.