అల్లుడూ, ఆ ఠక్‌మనే చప్పుడు సంగతి

అల్లుడూ,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పిన చప్పుడు గురించి రాత్రి పడుకునేదాకా ఆలోచిస్తూనే ఉన్నా. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో బండి ఆగి కదిలినప్పుడల్లా కాళ్ల కింద ఠక్‌మంటోందన్నావు, గేరు డీ (ముందుకు) నుంచి ఆర్ (వెనక్కి)లోకి వేస్తే మళ్లీ అంటోందన్నావు, రోడ్డు మీద సాఫీగా పోతున్నప్పుడు మాత్రం ఏమీ లేదన్నావు. ముందు ఇరుసు మధ్యలో ఉండి రెండు చక్రాలకూ పవర్ పంచే గేర్ల పెట్టె ఉంది చూడు, అదే ముందు డిఫరెన్షియల్ (డిఫ్), దాన్ని బ్రాకెట్లలో పట్టి ఉంచే రబ్బరు బుష్‌ల మీదే నా అనుమానమంతా. నీ బండిలాంటిదే అయిన నా పాత గ్రాండ్ విటారాకీ ఇలాగే మొదలైంది. అప్పుడొక గ్యారేజీవాళ్లు డిఫ్‌కి పవర్ తీసుకెళ్లే పొడుగు రాడ్డు, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లు అరిగాయని రెండూ మార్చారు. డబ్బులు పోయాయి, చప్పుడు పోలేదు. ఆ బాధ ఇంకా ఉంది కాబట్టే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నా.

మన బండి అన్ని వేళలా నాలుగు చక్రాలకూ పవర్ ఇచ్చే రకం. మామూలు జీపుల్లో లివర్ వేస్తేనే ముందు ఇరుసు పని చేస్తుంది, దీంట్లో అలా కాదు, నువ్వు పాలప్యాకెట్ కోసం వీధి చివరికి వెళ్లినా ముందు డిఫరెన్షియల్ మీద లోడు పడుతూనే ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఆ డిఫ్ తన బ్రాకెట్లలో ఒక పక్కకి మెలితిరగాలని చూస్తుంది, వదిలితే రెండో పక్కకి. ఆ మెలిని ఆపేది బుష్‌లో ఉన్న రబ్బరే. కొండలెక్కకపోయినా మన బెంగళూరు ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ రోజుకి కొన్ని వందలసార్లు ఆ రబ్బరు నలుగుతుంది. దానికి తోడు పైనుంచి ఇంజిన్ ఆయిల్ కారుతుంటే రబ్బరు ఉబ్బి మెత్తబడి ఇనుము నుంచి ఊడిపోతుంది. కాబట్టి ముందు లీకేజీ ఉందేమో చూడు, అది ఆపకుండా కొత్త బుష్ వేస్తే దానికీ అదే గతి.

ఏదైనా కొనే ముందు ఖాయం చేసుకో. ఇంజిన్ ఆపి, చక్రాలకు దిమ్మలు పెట్టి, కిందికెళ్లి ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని చేత్తో పట్టి అటూ ఇటూ తిప్పు. జాయింట్ మధ్య ఉండే క్రాస్ ముక్క దగ్గర వదులు కదలిక కనిపిస్తే తప్పు జాయింటుదే. తర్వాత చిన్న టామీ (ఇనుప కడ్డీ) తీసుకుని డిఫ్‌కీ బ్రాకెట్‌కీ మధ్య పెట్టి మెల్లగా ఎత్తి చూడు, టార్చి వేసి రబ్బరు మీదే కన్నుంచు. కొంచెం సాగి వెనక్కొస్తే పర్లేదు. రబ్బరు చీలి, మధ్య గొట్టం ఓ పక్కకి వాలిపోయి, ఎత్తగానే ఇనుము ఇనుముకు తగిలితే అయిపోయినట్టే. ఒక్క జాగ్రత్త, కొన్ని బుష్‌లలో రబ్బరు మధ్య ఖాళీలు కంపెనీవాళ్లే వదులుతారు. ఆ ఖాళీ అంచులు నున్నగా ఉంటాయి, చిరిగిన చోటు గరుకుగా, బెరడులా ఉంటుంది.

స్పేర్ల కోసం జేసీ రోడ్ వెళ్తావు కదా, గ్రాండ్ విటారా అనగానే వాళ్లు 2022లో వచ్చిన కొత్త బండిదే చూస్తారు. అది మన పక్కనే బిడదిలో తయారయ్యే వేరే బండి, పేరు తప్ప ఏమీ కలవదు. మనది జపాన్ నుంచి దిగుమతైంది. ఛాసిస్ నంబర్ రాసుకెళ్లి దాని ప్రకారమే అడుగు. బుష్ విడిగా ఇస్తారా, బ్రాకెట్‌తో కలిపి ఇస్తారా అన్నదీ అక్కడే తేల్చుకో. పాలీయురేథేన్ (రబ్బరు కంటే గట్టి ప్లాస్టిక్ రకం) బుష్ ఎక్కువకాలం వస్తుందని ఎవరైనా చెప్తే, అది నిజమే, కానీ డిఫ్ ఊళ కూడా క్యాబిన్‌లోకి వినిపిస్తుంది. ఇంట్లో చంటిపిల్ల ఉంది, ఊరికి వెళ్లేది హైవే మీద, నీకు రబ్బరే మేలు. ఒకటి పోయిందని ఒకటే కొనకు, అన్నీ ఒకేసారి మార్చు.

ఇక పని మాట. బండిని జాకీ మీద మాత్రమే ఉంచి కింద దూరావో, నేను ఊరుకోను. స్టాండ్లు వెయ్యి, వెనక చక్రాలకు రెండు పక్కలా దిమ్మలు కొట్టు, హ్యాండ్ బ్రేక్ లాగు. పార్కింగ్‌లో పెట్టాను కదా అనుకోకు. దీంట్లో మధ్యలో ఇంకో డిఫరెన్షియల్ ఉంది, ముందు షాఫ్ట్ విప్పితే, లేదా ముందు చక్రాలు గాల్లోకి లేస్తే, గేర్‌బాక్స్ లాక్‌లో ఉన్నా బండి దొర్లిపోగలదు. ఈ సంగతి చాలామంది మెకానిక్‌లకే తట్టదు.

షాఫ్ట్ విప్పే ముందు, షాఫ్ట్ చివరా డిఫ్ దగ్గరా బోల్టులతో కలిసే రెండు ఫ్లాంజ్‌ల (బిళ్లల) మీదా పెయింట్‌తో ఒక గీత గియ్యి, మళ్లీ అదే స్థానంలో కలవాలి. డిఫ్ కింద ఇంకో జాకీ పెట్టి బరువు దాని మీదకి వచ్చాకే బ్రాకెట్ బోల్టులు వదులు చెయ్యి. బ్రాకెట్ బయటికి వచ్చేంత వరకే దించు, ఇంకా దించితే బ్రీదర్ పైపు (డిఫ్‌కి గాలి ఆడే గొట్టం) లాగుతుంది, యాక్సిల్ జాయింట్లు అడ్డం తిరుగుతాయి.

పాత బుష్‌ని మంటపెట్టి తీయొద్దు. ఆ పొగ మంచిది కాదు, అల్యూమినియం బ్రాకెట్ అయితే దాని బలమూ పోతుంది. బ్రాకెట్లు, కొత్త బుష్‌లు పట్టుకుని పీణ్యాలో హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న ఏ లేత్ షాపుకైనా వెళ్లు. పక్కన నిలబడి చూడు. నొక్కేటప్పుడు బయటి రింగు మీద మాత్రమే నొక్కాలి, అంత సైజు పైపు ముక్క వాడమను. నేను మొదటిసారి చేయించినప్పుడు ఆ కుర్రాడు మధ్య గొట్టం మీద పెట్టి నొక్కాడు, నేను ఆపలేదు. బుష్ లోపలికైతే వెళ్లింది, రబ్బరు లోపలే తెగింది, మూడు నెలల్లో చప్పుడు మళ్లీ మొదలైంది. పాత బుష్ తీసే ముందు ఖాళీలు ఏ వైపున్నాయో ఫోటో తీసుకో, కొత్తదీ అలాగే కూర్చోవాలి. రంధ్రం లోపల తుప్పుంటే ఎమరీ కాగితంతో శుభ్రం చేసి, కొంచెం సబ్బు నీళ్లు రాయమను. గ్రీజు, ఇంజిన్ ఆయిల్ రాస్తే రబ్బరు చెడుతుంది.

తిరిగి బిగించేటప్పుడు తొందర వద్దు. అన్ని బోల్టులూ ముందు చేత్తోనే ఎక్కించు. జాకీ తీసేసి డిఫ్ తన బరువుతో బుష్‌ల మీద కూర్చున్నాకే టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో) బిగించు. పైకెత్తి పెట్టి బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, కొత్తదైనా త్వరగా చీలుతుంది. ఎంత టార్క్ అన్నది సర్వీస్ మాన్యువల్‌లో చూసే చెయ్యి. డిఫ్ ఆయిల్ మట్టం కూడా అప్పుడే చూడు.

ఈ ఆదివారం పొద్దున్నే నా టార్క్ రెంచి, రెండు స్టాండ్లు తీసుకుని వస్తా. శనివారం సాయంత్రం బోల్టులన్నిటికీ డబ్ల్యూడీ-40 కొట్టి నాననివ్వు. అప్పటిదాకా బండిని 4ఎల్ లాక్‌లో (కొండలు, బురద కోసం ఉండే తక్కువ వేగం గేరులో) వెయ్యకు, అందులో డిఫ్ మీద పడే బలం చాలా ఎక్కువ, ఆ చిరిగిన రబ్బరుతో బ్రాకెట్టే పగలొచ్చు. అత్తయ్య పిల్లకి సున్నుండలు కూడా పంపిస్తానంటోంది.

మీ మామయ్య