ఇంటర్నేషనల్ ఛాంపియన్స్ కప్ గెలిస్తే క్లబ్ వరల్డ్ కప్ గెలిచినట్టేనా?

అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) గ్రౌండ్‌కు ఫుట్‌బాల్ ప్రాక్టీసుకు వెళ్లే పిల్లాడు ఇలా అడిగాడని ఒక పాఠకుడు రాశారు. ఆ పిల్లాడికి కాదని చెప్పండి.

క్లబ్ వరల్డ్ కప్ ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నడిపేది, దానికి అర్హత సాధించాలి. ఇంటర్నేషనల్ ఛాంపియన్స్ కప్ మాత్రం పిలిచిన క్లబ్బులు సీజన్‌కు ముందు ఆడిన ఫ్రెండ్లీ (స్నేహపూర్వక) టోర్నీ. 2013లో రెలెవెంట్ అనే అమెరికా కంపెనీ మొదలుపెట్టింది. తొలి కప్పు స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్‌ది.

యూరప్‌లో పెద్ద లీగులు ఆగస్టులో మొదలవుతాయి. అంతకుముందు ఆటగాళ్ల ఒళ్లు వంగాలి, కోచ్ కొత్త కుర్రాళ్లను చూసుకోవాలి. ఆ ప్రాక్టీసేదో అమెరికాలోనో ఆసియాలోనో ఆడితే టికెట్ల డబ్బు, కొత్త అభిమానులు కూడా వస్తారు. అసలు లెక్క అదే! అందుకే స్టార్లు చాలాసార్లు సగం మ్యాచ్‌కే బెంచీ ఎక్కేస్తారు.

అలాగని జనం రారనుకోకండి. 2014లో మిషిగన్‌లో మాంచెస్టర్ యునైటెడ్, రియల్ మాడ్రిడ్ మ్యాచ్‌కు 1,09,318 మంది వచ్చారు. అమెరికాలో ఫుట్‌బాల్‌కు అప్పటికి అదే రికార్డు. ఈ టోర్నీలో స్కోరు డ్రా అయితే పెనాల్టీలు పెట్టి, గెలిచినవాళ్లకు 2 పాయింట్లు, ఓడినవాళ్లకు 1 ఇచ్చేవారు. 2020లో కోవిడ్ వల్ల పురుషుల టోర్నీ రద్దయింది.