పదివేలు కట్టినా క్యాష్ బాకీ ఎందుకు తీరలేదు?

ప్రశ్న: నా క్రెడిట్ కార్డు మీద మూడు రకాల బాకీలున్నాయి. వేరే కార్డు నుంచి దీనికి మార్చుకున్న 60,000కు ఆఫర్ కింద వడ్డీ లేదు. ఆ ఆఫర్ ఇంకా తొమ్మిది నెలలు ఉంది. కొనుగోళ్ల బాకీ 20,000, దానికి ఏడాదికి 24 శాతం. అవసరం పడి ఏటీఎంలో తీసిన 10,000కు 36 శాతం. ఈ నెల సరిగ్గా 10,000 కట్టి, క్యాష్ బాకీ వదిలిపోయిందనుకున్నాను. తీరా స్టేట్‌మెంట్ చూస్తే అందులో ఇంకా 4,500 ఉంది. బ్యాంకు పొరపాటు చేసిందా? నెలకు 10,000 మించి కట్టలేను. అదే డబ్బు రెండు విడతలుగా కడితే లాభం ఉంటుందా?

జవాబు: పొరపాటేమీ లేదు. మీరు ఒకే మొత్తంగా కట్టినా బ్యాంకు దాన్ని రెండు ముక్కలుగా చూసింది.

మొదటి ముక్క మినిమం డ్యూ, అంటే ప్రతి బిల్లుకు తప్పనిసరిగా కట్టాల్సిన కనీస మొత్తం. మీ మొత్తం బాకీ 90,000. మినిమం 5 శాతం అనుకుంటే 4,500. ఈ ముక్కను ఏ బాకీకి జమ చేయాలన్నది చాలా చోట్ల బ్యాంకు ఇష్టం. తక్కువ వడ్డీ ఉన్న బాకీకి జమ చేసుకుంటే బ్యాంకుకు లాభం కాబట్టి మీ 4,500 వెళ్లి సున్నా వడ్డీ బాకీలో పడింది. మినిమం పోగా మిగిలిన 5,500 మాత్రమే ఎక్కువ వడ్డీ ఉన్న క్యాష్ బాకీకి చేరింది. పదివేలలో అయిదున్నర వేలు పోతే 4,500. మీ స్టేట్‌మెంట్‌లో ఉన్న అంకె అదే.

దీనివల్ల మీకు ఎంత తేడా వచ్చిందో చూడండి. మొత్తం 10,000 క్యాష్ బాకీకే వెళ్లి ఉంటే వచ్చే నెల వడ్డీ 400 పడేది. ఇప్పుడు 535 పడుతుంది. అంతా సున్నా బాకీకే జమ అయ్యుంటే 700 అయ్యేది.

ఆ మూడోది నేను ఊహించి చెప్పింది కాదు. అమెరికాలో చాలాకాలం జరిగింది అదే. ఎంత కట్టినా ముందు తక్కువ వడ్డీ బాకీకే జమ వేసుకునేవారు, ఖరీదైన బాకీ మాత్రం కదలకుండా వడ్డీ కాస్తూ ఉండేది. 2009లో వచ్చిన కార్డ్ చట్టం దీన్ని ఆపింది. 2010 ఫిబ్రవరి నుంచి అక్కడ మినిమం దాటిన డబ్బు ముందుగా ఎక్కువ వడ్డీ బాకీకే పోవాలి. మినిమం సంగతి మాత్రం ఆ చట్టం బ్యాంకులకే వదిలేసింది. ఆ చట్టం వ్యక్తిగత కార్డులకే, వ్యాపారం పేరున తీసుకున్న కార్డులకు కాదు. బ్రిటన్‌లో 2011 నుంచి ఖరీదైన బాకీకే ముందు జమ. ఇలాంటి నియమం లేని చోట్ల కార్డు ఒప్పందంలో ఏం రాసుంటే అదే. భారతీయ బ్యాంకుల కార్డులైతే 'అత్యంత ముఖ్యమైన నియమ నిబంధనలు' అనే పత్రం ఇస్తారు. పన్నులు, రుసుములు, వడ్డీ, ఆ తర్వాత ఏ బాకీ అన్న వరుస కోసం అందులో వెతకండి. ఎవరూ చదవని పత్రమే, కానీ ఆ ఒక్క పేరా మాత్రం చదవండి.

రెండు విడతల విషయానికొస్తే, లాభం లేదు. మినిమం అనేది బిల్లుకు ఒక్కసారే లెక్క. ముందు 4,500, తర్వాత 5,500 కట్టినా జమ ఇలాగే ఉంటుంది. డబ్బు చేతిలో ఉంటే గడువు దాకా ఆగకుండా ముందే కట్టేయడం మాత్రం మంచిది. వడ్డీ రోజువారీ బాకీ మీద పడుతుంది కాబట్టి ఆ కొద్ది రోజుల వడ్డీ మిగులుతుంది.

అన్నిటికన్నా పనికిమాలిన పద్ధతి మినిమం ఒక్కటే కడుతూ పోవడం. మీ బాకీల పొందిక చూస్తే ఆ డబ్బంతా సున్నా వడ్డీ బాకీకే పోతుంది. నొప్పి ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాసినట్టు ఉంటుంది.

ఇక మీ పదివేలతో ఏమవుతుందో నెల నెలా లెక్క వేసి చూశాను. వచ్చే నెల మినిమం దాదాపు 4,000. పైనున్న 6,000లో క్యాష్ బాకీ వడ్డీతో సహా తీరిపోతుంది, మిగిలిన 1,300 చిల్లర కొనుగోళ్ల బాకీకి చేరుతుంది. బాకీ తగ్గే కొద్దీ మినిమం కూడా తగ్గుతుంది కదా, అంటే ప్రతి నెలా మీ పదివేలలో ఖరీదైన బాకీకి చేరే భాగం పెరుగుతుంది. నాలుగో నెలకు కొనుగోళ్ల బాకీ కూడా తీరిపోతుంది. అప్పటికి సున్నా వడ్డీ బాకీ సుమారు 41,300 ఉంటుంది. ఇంకో నాలుగు నెలలు పదివేల చొప్పున, తొమ్మిదో నెల 1,300. మొత్తం దారిలో మీరు కట్టే వడ్డీ కూడా దాదాపు 1,300. మీ ఆఫర్ గడువు సరిగ్గా సరిపోయింది, అదృష్టమే అనుకోండి.

కానీ ఈ లెక్క నిలవాలంటే ఈ కార్డు ఇక గీకకూడదు. ఒక్కసారి కూడా. పాత బాకీ మోస్తున్న కార్డు మీద కొత్తగా కొంటే చాలా బ్యాంకులు వడ్డీ లేని గడువు ఇవ్వవు, కొన్న రోజు నుంచే 24 శాతం మొదలవుతుంది. సున్నా వడ్డీ ఆఫర్ తీసుకున్నాక ఆ కార్డును డ్రాయర్‌లో పెట్టేయమని నేను అందరికీ చెబుతాను. ఖర్చులకు వేరే కార్డు, లేదంటే డెబిట్ కార్డు. మీరు అన్నీ ఒకే కార్డులో కలపడం వల్లే ఈ చిక్కంతా వచ్చింది. క్యాష్ తీయడం గురించి తిట్టను, మీకు ఇప్పటికే అర్థమైంది.

ఆఫర్ ముగిసే తేదీ, తొమ్మిదో బిల్లు గడువు తేదీ ఒకటే కాకపోవచ్చు. చివరి మొత్తాన్ని ఆఫర్ తేదీకి వారం ముందే కట్టేయండి. మధ్యలో ఒక్క నెల ఆలస్యమైతే ఆఫర్ రద్దు చేసే షరతు ఉందేమో కూడా చూసుకోండి. మరిచిపోయే అలవాటుంటే మినిమం వరకు ఆటో పే పెట్టుకుని మిగతాది మీరే కట్టండి.

ఇంకొకటి. మీ క్యాష్ బాకీ సున్నా అయిన తర్వాతి స్టేట్‌మెంట్‌లో ఓ చిన్న వడ్డీ అంకె కనిపించవచ్చు. బిల్లు తయారైన రోజుకూ మీరు డబ్బు కట్టిన రోజుకూ మధ్య పడిన వడ్డీ అది. అది చూసి కంగారు పడకండి. ఆ తర్వాతి నెల కూడా కనిపిస్తే మాత్రం బ్యాంకుకు ఫోన్ చేసి, ఏ బాకీ మీద, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వేశారో అడగండి.