క్యాడ్‌బరీ కుటుంబం అంత పెద్ద కంపెనీని ఎలా నిలబెట్టింది? ఇప్పటికీ అది వాళ్ళదేనా?

రెండో ప్రశ్నకి ముందు జవాబు: కాదు. 1969లో ష్వెప్స్ అనే శీతల పానీయాల కంపెనీతో కలిసింది, 2010లో అమెరికా ఆహార కంపెనీ క్రాఫ్ట్ కొనేసింది, 2012 నుంచి దాన్నుంచే వచ్చిన మాండలీజ్ కింద ఉంది. అయితే ఆ ఇంటివాడైన డొమినిక్ క్యాడ్‌బరీ 2000 దాకా ఛైర్మన్‌గా ఉన్నారు.

మొదటి ప్రశ్నకి చాలామంది ప్రకటనల గురించో, వాళ్ళు కట్టిన బోర్న్‌విల్ ఊరి గురించో చెబుతారు. నన్నడిగితే అసలు కథంతా కోకో గింజలోని కొవ్వుదే.

జాన్ క్యాడ్‌బరీ 1824లో బర్మింగ్‌హామ్‌లోని బుల్ స్ట్రీట్‌లో కొట్టు పెట్టి టీ, కాఫీ, కోకో అమ్మారు. ఆయన క్వేకర్, అంటే నిరాడంబరంగా బతికే ఒక క్రైస్తవ శాఖకి చెందినవారు. జనం సారాయి మాని ఇవి తాగాలని ఆయన కోరిక. చిక్కేమిటంటే కోకో గింజలో సగానికి పైగా కొవ్వే. నూరి వేడినీళ్ళలో కలిపితే జిడ్డు పైకి తేలుతుంది. ఆ జిడ్డుని పీల్చుకోవడానికి బంగాళాదుంప పిండి, సగ్గుపిండి కలిపేవారు. దాంతో ఆ సరుకులో కోకో ఐదో వంతే ఉండేది.

1861లో కొడుకులు రిచర్డ్, జార్జ్ పగ్గాలు పట్టేసరికి వ్యాపారం మునగడానికి సిద్ధంగా ఉంది. తల్లి ద్వారా వచ్చిన డబ్బు తలా 4,000 పౌండ్లు అందులో పెట్టారు. 1866లో డచ్‌వాళ్ళ వాన్ హౌటెన్ ప్రెస్ వాడి, కొవ్వు చాలావరకు పిండేసి, ఏ పిండీ కలపని ‘కోకో ఎసెన్స్’ తెచ్చారు. కల్తీ మీద దేశమంతా మండిపడుతున్న రోజులవి. సంస్థ ఒడ్డున పడింది అక్కడే. పిండగా వచ్చిన ఆ కొవ్వు, అంటే కోకో బటర్, తినే చాక్లెట్‌కి పనికొచ్చింది.

పాల చాక్లెట్ అంత తేలిగ్గా లొంగలేదు. 1897లో పాలపొడితో చేసింది గరుగ్గా, పొడిపొడిగా వచ్చింది. పోనీ పాలే పోద్దామంటే అందులో 87 శాతం నీళ్ళు. కరిగించిన చాక్లెట్‌లో చెంచాడు పాలు పోసి చూడండి: జారుగా ఉన్నది క్షణాల్లో బిగుసుకుని గరిటెకి ముద్దలా పట్టేస్తుంది. చక్కెర రేణువులు తడికి ఒకదానికొకటి అతుక్కోవడం వల్ల అలా అవుతుంది.

1905లో డైరీ మిల్క్ వచ్చింది. దాని రుచికి మూలం ‘క్రంబ్’ పద్ధతి: పాలల్లో చక్కెర వేసి, మనం కోవాకి చేసినట్టు నీళ్ళు ఇగరబెట్టి, కోకో ముద్ద కలిపి ఎండబెడతారు. ఆ వేడికి పాల ప్రోటీన్, చక్కెర కలిసి కమిలిన కమ్మదనం వస్తుంది. ఆ తర్వాతే కోకో బటర్ చేర్చి రోలర్ల మీద నున్నగా నూరతారు. పాలపొడితో చేసే చాక్లెట్‌కి ఆ రుచి రాదు.

2016లో మన శ్రీసిటీలోనూ వీళ్ళ ఫ్యాక్టరీ తెరుచుకుంది. గోదావరి జిల్లాల కొబ్బరితోటల్లో అంతరపంటగా కోకో వేసినవాళ్ళకి ఒక్క మాట: గింజల్ని ఐదారు రోజులు కుప్పలో పులియబెట్టి, మధ్యలో తిరగేయాలి. తొందరపడి ముందే ఎండబెడితే లోపల ఊదారంగు, వగరు అలాగే ఉండిపోతాయి. తర్వాత ఎంత వేయించినా, ఎంత నూరినా ఆ వగరు పోదు.